అరువు నాలుక

అన్యాయం ఎవరికి జరిగింది, ఏ విధంగా జరిగింది అన్నది మొదటే తేల్చి చెప్పడం మేలు. జరిగింది ఆ ఇంటి పెద్దకోడలికి. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టక మాడ్చలేదు. ఆమె నాలుకను ఏళ్ల తరబడి అరువు తీసుకున్నారు; తీసుకున్న సంగతి ఎక్కడా ఒప్పుకోలేదు; చివరికి తిరిగి ఇవ్వకుండానే మరొకరి నాలుక వెతుక్కున్నారు. మొదటి రెండింటినీ నోరెత్తకుండా భరించిన మనిషి మూడోదాని దగ్గర భగ్గుమంది. అసూయ అన్న మాటను ఆమె ఇతరుల గురించి వాడిందే తప్ప తన గురించి ఎన్నడూ వాడి ఎరగదు. అందుకే అది వచ్చి గుండెలో పీట వేసుకుని కూర్చున్నప్పుడు గుర్తుపట్టలేకపోయింది. అరగలేదేమోననుకుని మాత్ర వేసుకుంది.

శనివారం సాయంత్రాలు ఆ ఇంటి ముందుగదిలో కాక్‌టెయిల్స్ కలిపేవారు. భర్త తలుపులూ కిటికీలూ చేసే కంపెనీలో సేల్స్ మేనేజరు. గీత పడిందని కొన్నవారు తిప్పి పంపిన ఒక బరువైన తలుపును ఇంటికి తెచ్చుకుని, అడ్డంగా పరుండబెట్టి, కాళ్లు బిగించి, దాన్ని బార్ కౌంటరుగా మార్చాడు. దాని వెనక నిలబడి, చొక్కా చేతులు మడుచుకుని, స్టీలు షేకర్‌ను చెవి పక్కన గలగలలాడిస్తుంటే స్నేహితులు అతన్ని గురువుగారూ అని పిలిచేవారు. అతనూ గురువుగారిలాగే పాఠం చెప్పేవాడు. నిమ్మరసం, తెల్లసొన లాంటివి పడినదాన్ని గిలక్కొట్టాలి. ఒట్టి మద్యాలే కలిపినదాన్ని పొడుగు చెంచాతో నెమ్మదిగా తిప్పాలి, గిలక్కొడితే మసకబారుతుంది. రెండు పాళ్లు మద్యం, ఒక పాలు పులుపు, ముప్పాతిక పాలు తీపి. తక్కినదంతా నాలుక చెబుతుంది. "నా నాలుక అబద్ధం చెప్పదు," అని ముగించేవాడు.

ఆ నాలుక వంటింట్లో ఉండేది.

పెళ్లయిన కొత్తలో ఒక చలికాలం అతనికి విడవని జలుబు చేసింది. జలుబు పోయింది గానీ, పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు. రాలేదు. తీపి, పులుపు, చేదు మొరటుగా తెలిసేవి. నారింజ తొక్కకూ నిమ్మ తొక్కకూ ఉన్న తేడా, జిన్‌లోని మూలికల పరిమళం, గ్లాసులో ఏది పైకి తేలిందో ఏది అణిగిపోయిందో చెప్పే ఆ తూకం మాత్రం అందకుండా పోయాయి. అప్పటికే స్నేహితుల్లో అతనికి ఒక పేరుంది. ఆ పేరు పోతుందని అతని భయం. "ఎవరికీ చెప్పకు," అన్నాడు భార్యతో, పిల్లవాడిలా ఆమె చేయి పట్టుకుని. ఆమె చెప్పలేదు.

అప్పటినుంచి ఒక పద్ధతి ఏర్పడింది. ముందుగదిలో కలపడం పూర్తికాగానే, ఏదో మరిచిపోయినవాడిలా షేకర్‌తో వంటింట్లోకి వచ్చి తలుపు చేరవేసేవాడు. సన్నని స్ట్రా ఒకటి అందులో ముంచి, పై కొనను వేలితో మూసి, లోపల నిలిచిన బొట్టును ఆమె నాలుక మీద విడిచేవాడు. ఆమె చేతులు నిమ్మకాయలు పిండుతూ ఉండేవి. పొద్దున్నే పిండితే సాయంత్రానికి రసం చేదు తిరుగుతుంది కనుక అతిథులు వచ్చే వేళకే పిండాలి. చక్కెర పాకం ఆమె ముందే కాచి సీసాలో పోసేది. పెద్ద డబ్బాలో నీళ్లు గడ్డకట్టించి, మసకగా ఉన్న భాగాన్ని చెక్కేసి, అద్దాల్లాంటి ఐస్ ముక్కలు తీసేది. గుడ్డు పగలగొట్టి తెల్లసొన వేరుచేసి గిన్నెలో మూత పెట్టేది. నారింజ తొక్కను లోపలి తెలుపు రాకుండా పలచగా చెక్కేది. ఆ చేతులను ఆపకుండానే, కళ్లు మూసుకుని, "పులుపు ఒక్క చుక్క" అనో, "పాకం ఎక్కువైంది, ఇంకాస్త జిన్" అనో చెప్పేది. అతను వెళ్లిపోయేవాడు. కాసేపటికి అవతల చప్పట్లు.

ఇక్కడ న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. వాసన పోవడం అతని తప్పు కాదు. వాసన పోయిన సంగతి దాచడానికి ఒక మనిషిని దాచడం తప్పు. రెండో మాట ఆమె గురించి. ఆ చేరవేసిన తలుపు ఆమెకు ఇష్టంగానే ఉండేది. ఇల్లంతటిలో అతను ఆమె మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడే చోటు అదొక్కటే. ఆ రహస్యాన్ని ఆమె నగలా దాచుకుంది. నగ తనదే కాని, మెడలో వేసుకునే వీలు లేదు.

కొన్నిసార్లు సొంతంగానూ చేసేది. చెక్కిన నారింజ తొక్కలను చక్కెరతో నలిపి, మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి తొక్కలోని నూనె చక్కెరను కరిగించుకుని బంగారు రంగు పాకమవుతుంది. అందులో నిమ్మరసం, ముదురు రంగు రమ్ కలిపితే ఎలా ఉంటుందో ఆమె నోట్లోనే ముందు తయారైంది, గ్లాసులో తర్వాత. ఆ శనివారం అది తాగిన పళ్ల డాక్టరు, భర్త స్నేహితుల్లో అందరికన్నా నోరున్నవాడు, లేచి నిలబడి గురువుగారికి దండం పెట్టాడు. ఎలా తట్టిందయ్యా అని అడిగితే, ఊరికే తట్టింది, నాలుకకు కొన్ని తెలుస్తాయి అని గురువుగారు సెలవిచ్చారు. ఆ పళ్ల డాక్టరే వంటింటి వైపు తల తిప్పి, "చెల్లెమ్మా, ఐస్ ఉందా?" అని అడిగాడు. ఇన్నేళ్లలో అతను ఆమెతో మాట్లాడిన వాక్యం దాదాపు అదొక్కటే.

ముందుగదిలో కూర్చోవడం ఆమెకు నిషేధమేమీ కాదు. అత్తగారు ఆ విషయంలో ఆధునికురాలు. "ఆడవాళ్లు తాగకూడదని నేననను. అందరూ అక్కడ కూర్చుంటే ఇక్కడ ఎవరు చూస్తారు, అంతే నా బాధ," అనేది. ఆ బాధ తీర్చడం పెద్దకోడలి వంతు. ఆఫీసులోనూ ఆమె వంతు అలాంటిదే. కొరియర్ కంపెనీలో ఫిర్యాదుల విభాగం. పోయిన పార్శిళ్లకు, పగిలిన వస్తువులకు ఆమె క్షమాపణలు రాసేది. కింద మేనేజరు సంతకం చేసేవాడు. మీ మేనేజరుగారు ఎంత మర్యాదస్తులండీ అని ఖాతాదారులు ఫోను చేసి ఆమెకే చెప్పేవారు. చెబుతానండీ అనేది.

ఇలా నడుస్తున్న సంసారంలోకి మరిది భార్యను తెచ్చుకున్నాడు. వాళ్ల కాపురం వేరే ఇంట్లో, శనివారాలు మాత్రం ఇక్కడే. చిన్నకోడలు జూనియర్ లాయరు. సన్నగా, చురుగ్గా, పొట్టి జుట్టుతో ఉంటుంది. మొదటి శనివారమే గ్లాసు పట్టుకుని కౌంటరు ముందున్న ఎత్తు స్టూలు మీద కూర్చుంది. పెద్దకోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు ఆ చూపును అందుకోకుండా, "పాపం, రోజంతా కోర్టులో నిలబడి వస్తుంది. కాసేపు కూర్చోనీ," అంది. అప్పటిదాకా తాను కూడా రోజంతా పని చేసే వస్తున్నానన్న సంగతి పెద్దకోడలికి ఎవరూ గుర్తుచేయలేదు. ఆ మాటతో గుర్తొచ్చింది.

అయినా స్టూలు ఒక్కటే అయితే ఆమె ఓర్చుకునేదే. కొన్ని వారాలు గడిచాక ఒక శనివారం ఆఫీసు నుంచి ఫోను వస్తే వెనక వరండాలోకి వెళ్లింది. ఆ సమయానికే భర్త షేకర్‌తో వంటింట్లోకి వచ్చాడు. ఆమె లేదు. ముందుగదిలో అందరూ గ్లాసులు పట్టుకుని ఉన్నారు. తిరిగి వెళ్లి, ఏం చేయాలో తోచక, స్ట్రాలోని బొట్టును ఎదురుగా ఉన్న మరదలి ముందు పట్టాడు. "ఏదీ, నీ నాలుక ఎలాంటిదో చూద్దాం," అన్నాడు నవ్వుతూ. చిన్నకోడలు రుచి చూసి, కొంచెం ఆలోచించి, ఇంకాస్త తీపి పడాలంది. వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోను ముగించుకుని వచ్చిన పెద్దకోడలు ఆ చప్పట్లు విని, నన్ను అడగకుండానే అయిపోయిందా అనుకుంది. ఆ తర్వాత శనివారం చేతులు తుడుచుకుని ఎదురుచూసింది. అడుగుల చప్పుడు రాలేదు. తలుపు సందులోంచి చూస్తే, వెలుతురులో, అందరి మధ్య, స్ట్రా మరొకరి పెదవుల దగ్గరుంది.

తనకు దొంగచాటుగా ఇచ్చిన పనిని ఆ అమ్మాయికి గౌరవంగా ఇచ్చాడు. అదీ ఆమెను కాల్చింది. అదే స్ట్రా, అదే బొట్టు. వంటింట్లో అది చాకిరీ, ముందుగదిలో అది వినోదం. చిన్నకోడలు కళ్లు మూసుకుంటే జనం నిశ్శబ్దమైపోయేవారు. తాను కళ్లు మూసుకున్నప్పుడు నిశ్శబ్దమైంది కుళాయి ఒక్కటే. ఆ అమ్మాయి గోళ్ల రంగు, నవ్వేటప్పుడు మెడ వెనక్కి వంచే తీరు, బావగారూ అని చివర సాగదీసే గొంతు, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. శత్రువును ఇంత శ్రద్ధగా చదివినట్టు తన జీవితంలో ఏ పాఠమూ చదవలేదని ఆమెకే అనిపించింది. పొద్దున్నే గదులు సర్దుతుంటే పెదవుల రంగు అంటిన స్ట్రాలు దొరికేవి. వాటిని చెత్తబుట్టలో వేసే ముందు రెండుగా విరిచేది. ఒకసారి స్ట్రాల పొట్లాన్నే తీసి పప్పు డబ్బాల వెనక దాచింది. భర్త మరొక పొట్లం కొనుక్కొచ్చాడు. అసూయ మనిషి చేత ఇంత అల్పమైన పనులు చేయిస్తుంది. చేయించి, ఫలితం కూడా ఇవ్వదు.

అసలు దెబ్బ ఇంకొకటుంది. అతిథులు వెళ్లాక గ్లాసుల అడుగున మిగిలినవి ఆమె రుచి చూసేది. ప్రతీది తీపి. నిమ్మరసం ఎక్కడో పాకంలో మునిగి చచ్చిపోయేది. నారింజ పరిమళానికి ఊపిరాడేది కాదు. ఇక ఎవరో ఒకరు అంటారు, గురువుగారూ, చేయి తప్పుతోందని అంటారు అని ఆమె వేచి ఉంది. ఎవరూ అనలేదు. చప్పట్లు అలాగే ఉన్నాయి; పళ్ల డాక్టరు దండాలు అలాగే ఉన్నాయి. తన నాలుక ఉన్నా లేకపోయినా ఆ గదిలో ఎవరికీ తేడా తెలియదన్నమాట. మరి ఇన్నేళ్లూ తాను కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చి చెప్పిన ఆ ఒక్కో చుక్క ఎవరి కోసం? అతని కోసమే అనుకుంది. అతనికి అసలే తెలియదు.

అతన్ని ఒకసారి అడిగింది, దుప్పటి మడతపెడుతూ, ఏదో మాటవరసకన్నట్టు. ఈమధ్య లోపలికి రావడం లేదేం అని. నీకు శ్రమ తగ్గించాను కదా అన్నాడు. అతని ముఖంలో కపటం లేదు. నిజంగానే తగ్గించాననుకున్నాడు. ఆ అమ్మాయితో అతనికి వేరే ఏ ఆలోచనా లేదని కూడా ఆమెకు తెలుసు. ఉన్నా ఇంత బాధపడేది కాదేమో. దానికైతే ఏడవడానికి ఒక పేరుంది, నలుగురూ వచ్చి ఓదారుస్తారు. స్ట్రా ఇంకొకరికి ఇచ్చాడని ఏ ఆడది ఎవరి దగ్గర ఏడుస్తుంది?

వానలు మొదలైన వారం అది. విస్కీ, నిమ్మరసం, పాకం, తెల్లసొన కలిపి నురుగు తేలేలా చేసే పానీయం అడిగారు. తెల్లసొన పడినదాన్ని ముందు ఐస్ లేకుండా గిలక్కొట్టాలి, అప్పుడే నురుగు నిలుస్తుంది. ఐస్ వేసి రెండోసారి కొట్టాలి. ఎప్పుడూ తెల్లసొన వంటింట్లోంచి గిన్నెలో వెళ్లేది. ఆ రోజు గురువుగారికి ప్రదర్శన మీద మోజు కలిగి, గుడ్డే పట్టుకుపోయాడు. కౌంటరు అంచుకు కొట్టి, రెండు చిప్పల మధ్య సొనను అటూ ఇటూ మార్చి, తెలుపును షేకర్‌లోకి జార్చి చూపించాడు.

గుడ్డు కుళ్లింది.

ఐస్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పెద్దకోడలికి వాసన అక్కడిదాకా కొట్టింది. పళ్ల డాక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు. అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు; ఇంతటి నాలుక గలవాడు ఏదో తెలిసే చేస్తున్నాడేమోనన్న సందేహం ఎవరినీ నోరు విప్పనివ్వలేదు. అతను మాత్రం హాయిగా నవ్వుతూ షేకర్ ఊపాడు. మూత తీశాడు. స్ట్రా ముంచి, వేలితో మూసి, మరదలి ముందు పట్టాడు. చిన్నకోడలి ముఖం పాలిపోయింది. అయినా ఆ అమ్మాయి, కోర్టులో ప్రత్యర్థిని నిలదీసే అమ్మాయి, బావగారిని కాదనలేక నోరు తెరిచింది.

పెద్దకోడలి లోపల ఒక గొంతు, తాగనీ, అంది. స్పష్టంగా అంది. ఒక్క క్షణం ఆమె ఆ గొంతుతో ఏకీభవించింది కూడా. కావాలనే కదా కూర్చుంది ఆ స్టూలు మీద, కూర్చున్నందుకు తాగనీ. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో తెలిసినందుకే ఆమెకు తన మీద భయం వేసింది.

"తాగకు," అంది.

గది దాటి వచ్చి స్ట్రాను ఆ పెదవుల దగ్గరనుంచి తీసేసింది. గుడ్డు కుళ్లిందని మామూలు గొంతుతో చెప్పింది. భర్త షేకర్‌లోకి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అయోమయంగా తలెత్తాడు. పళ్ల డాక్టరు నవ్వు ఆపుకోలేక, ఏం గురువుగారూ, ముక్కు అద్దెకిచ్చారా అన్నాడు. జలుబు అన్నాడతను. అని భార్య వైపు చూశాడు. ఇలాంటి వేళల్లో ఆమె ఎప్పుడూ అందుకునేది. రెండు రోజుల నుంచీ ఒకటే జలుబండీ అనేది. ఈసారి ఆమె అవుననలేదు, కాదనలేదు. షేకర్ తీసుకుని వంటింట్లోకి వెళ్లి తొట్టిలో పారబోసి, నీళ్లు విడిచింది.

చిన్నకోడలు వెనకే వచ్చి, ఆ కంపుకే నోరు చేదెక్కి, పుక్కిలించి ఉమ్మింది. తలుపుకు ఆనుకుని నిలబడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. తనకు మందు పడదట. ప్రతి శనివారం ఇంటికెళ్లాక కడుపు తిప్పుతుందట. తీపి అని ఎప్పుడూ ఎందుకు చెబుతుందంటే, తీపి ఎక్కువైతే కాస్త మింగుడుపడుతుందనట. మరి ఎందుకు కూర్చుంటావని పెద్దకోడలు అడిగింది.

"నీ మీద కుళ్లుతో, అక్కా."

పెద్దకోడలు కుళాయి కట్టేసింది.

"కొత్తలో చూసేదాన్ని. బావగారు మాటిమాటికీ లోపలికొచ్చి తలుపేసుకునేవారు. బయటికొచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతుండేది. మా ఆయనకు మా వంటిల్లు ఏ దిక్కున ఉందో కూడా తెలీదు. వీళ్లిద్దరూ అంతసేపు ఏం చెప్పుకుంటారో అని నిద్రపట్టేది కాదు. ఆ స్ట్రా నా దగ్గరికొచ్చినప్పుడు, అమ్మయ్య, ఇక లోపలికి పోరు కదా అనుకున్నాను. పాపిష్టి బుద్ధి."

"ఏం చెప్పుకునేవాళ్లం. పులుపు చాలలేదని చెప్పేదాన్ని," అంది పెద్దకోడలు. అని, తనకే తెలియకుండా నవ్వింది. ఆ అమ్మాయి అర్థం కానట్టు చూసింది. లాయరు కనుక అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. బావగారికి వాసన... అని ఆగిపోయింది. పెద్దకోడలు తల ఊపింది. ఇన్నాళ్లూ తాను కంఠతా పట్టిన ఆ ముఖం దగ్గర నుంచి చూస్తే అలసిపోయిన ముఖం. ఇద్దరినీ ఒకే స్ట్రాతో తాగారని ఆమెకు తోచింది. కుళ్లు మిగలలేదని చెప్పను, ఇంకా ఉంది. కాని అది ఇప్పుడు ఆ అమ్మాయి వైపు తిరిగి లేదు. తలుపు అవతలి వెలుతురు వైపు తిరిగి ఉంది.

అప్పుడే భర్త వచ్చాడు. మరదలిని చూసి తటపటాయించాడు, అయినా వెళ్లిపోలేదు. కొత్తగా కలిపిన మరో షేకర్ ఒక చేతిలో, స్ట్రా ఒక చేతిలో. నారింజ పాకంతో చేశానన్నాడు. గొంతు తగ్గించి, తప్పయింది, ఇకనుంచి నిన్నే అడుగుతాను, ఇప్పుడొక్కసారి చూసిపెట్టు, పరువు నిలబెట్టు అన్నాడు. అతని కళ్లలో నీరు కూడా ఉంది. అది నిజమైన నీరే. క్షమాపణలు రాయడమే వృత్తిగా ఉన్న మనిషికి ఏది నిజమో తెలుస్తుంది. ఏది చాలదో కూడా తెలుస్తుంది.

"తప్పు ఇక్కడ జరగలేదండీ," అంది ఆమె. "అక్కడ జరిగింది. నా నాలుక, నా నాలుక అని మీరన్నది వాళ్ల ముందు. బాకీ తీర్చేది కూడా వాళ్ల ముందే. నాలుక ఇవ్వనని అనడం లేదు. ఈ తలుపు వెనక ఇవ్వను."

"నవ్వుతారు," అన్నాడు.

"వాసన లేనందుకు నవ్వేవాళ్లయితే వాళ్ల కోసం ఇన్నాళ్లు నిమ్మకాయలు పిండానే అని నేనేడుస్తాను. మీరెందుకు సిగ్గుపడటం?"

ఆమె చేతులు తుడుచుకుంది. అతనికన్నా ముందు నడిచి, ముందుగదిలోకి వెళ్లి, ఖాళీగా ఉన్న ఎత్తు స్టూలు మీద కూర్చుంది. అత్తగారు, అక్కడ పని అయిపోయిందా అని అడిగింది. లేదత్తయ్యా అంది ఆమె. లేవలేదు. చిన్నకోడలు వచ్చి ఆమె పక్కన నిలబడింది. అతను కౌంటరు వెనక్కి వెళ్లి చాలాసేపు షేకర్‌ను తుడుస్తూ నిలబడ్డాడు. మళ్లీ జలుబే అంటాడేమో అనుకుంది ఆమె. అంటే ఏం చేయాలో కూడా ఆమె నిర్ణయించుకునే వచ్చింది: లేచి, చెప్పులు వేసుకుని, ఎక్కడైనా ఎవరైనా తనకొక గ్లాసు కలిపి ఇచ్చే చోటికి పోతుంది.

"నాకు వాసన తెలీదు," అన్నాడతను. అందరూ తిరిగారు. "పెళ్లయిన కొత్తలోనే పోయింది. మీరు ఇన్నాళ్లూ మెచ్చుకున్నది నా నాలుకను కాదు. ఈవిడది. ఈ నారింజది కూడా ఈవిడే కనిపెట్టింది. నేను నాదని చెప్పుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడవన్నీ ఎందుకురా అని అత్తగారు గొణిగింది. ఆ మాట ఎక్కడా ఆగకుండా కింద పడిపోయింది. పళ్ల డాక్టరు తన చేతిలోని గ్లాసు వైపు, ఆమె వైపు, మళ్లీ గ్లాసు వైపు చూసుకున్నాడు. మొదటిసారిగా ఆమెను ఐస్ కాక మరొకటి అడిగాడు. "అయితే చెల్లెమ్మా, ఆ షేకర్‌లోది ఎలా ఉందో మరి నువ్వే చెప్పాలి."

భర్త స్ట్రా అందించబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపి గ్లాసు చూపించింది. చల్లబరిచిన గ్లాసులో అతను వడకట్టి పోశాడు. ఆమె తొందరపడలేదు. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. గది నిశ్శబ్దంగా ఉంది.

"తీపి ఎక్కువైంది," అంది. "పారబోసి మళ్లీ కలపండి."

అతను పారబోశాడు. అందరూ చూస్తుండగా నిమ్మరసం కొలిచి, పాకం తగ్గించి, రమ్ పోసి, ఐస్ వేసి, మూత బిగించి గిలక్కొట్టాడు. కొత్త గ్లాసులోకి వడకట్టి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టి, మాట కోసం నిలబడ్డాడు. ఆమె మొదటి గుక్క తాగింది. రెండోది తాగింది. ఆగకుండా, వాటా పెట్టకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా చివరిదాకా తాగింది. ఖాళీ గ్లాసును కౌంటరు మీద పెట్టి, అతని కళ్లలోకి చూసింది.

"సరిపోయింది," అంది.